సత్రం యజమానిని మరచిపోవద్దు



ఆదివారం దివ్యపూజ ముగిశాక గుడి ముందు కొంతసేపు నిలబడి గమనించండి. ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్న కుటుంబం నుంచి తరచుగా ఒక్కరే పూజకు వస్తారు. ఎదురుపడిన ప్రతివారూ "మీ అత్తగారికి ఎలా ఉందమ్మా?" అని అడుగుతారు. "అలాగే ఉందండీ" అని ఆ కోడలు జవాబు చెబుతుంది. అక్కడితో మాట అయిపోతుంది. "మరి నీకెలా ఉంది?" అని అడిగేవారు అరుదు. అత్తగారికి పక్షవాతం వచ్చి మూడేళ్లయి ఉండవచ్చు. ఆ మూడేళ్లుగా కోడలు కంటినిండా నిద్రపోలేదన్న సంగతికి మన పరామర్శల్లో గాని, మన ప్రార్థనల్లో గాని చోటు దొరకదు.

ఆస్పత్రిలోనూ ఇంతే. ఇంటికి పంపించే రోజున డాక్టరుగారికి రెండు చేతులెత్తి నమస్కరిస్తాం. అర్ధరాత్రి దాటాక వచ్చి తడిసిన దుప్పటి మార్చిన నర్సు పేరు మనకు గుర్తుండదు. మలమూత్రాలు ఎత్తిన ఆయా పేరు అసలు అడిగి ఉండము.

రోగి మంచం దగ్గర సాధారణంగా ఇద్దరు మనుషులు కనిపిస్తారు. ఒకరు రక్తసంబంధం వల్లనో వివాహబంధం వల్లనో అక్కడ ఉన్నవారు. మరొకరు వృత్తిరీత్యా జీతానికి వచ్చినవారు. ఈ వారం మన పాఠం రోగిని గురించి కాదు, ఈ ఇద్దరిని గురించి. వారు ఏమి అనుభవిస్తున్నారు? ఒకరినొకరు ఎలా చూసుకుంటున్నారు? వారి పట్ల మన బాధ్యత ఏమిటి? ఈ మూడు ప్రశ్నలను వరుసగా పరిశీలిద్దాం.

1. ఉపమానంలో పేరులేని మనిషి

లూకా సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరీయుని ఉపమానం తెలియనివారు మీలో ఉండరు. యాజకుడు తప్పుకుని పోయాడు, లేవీయుడు తప్పుకుని పోయాడు, సమరీయుడు ఆగాడు. ప్రసంగాల్లో మనం సాధారణంగా ఇక్కడే ఆపేస్తాం. కాని కథ ఇంకా ఉంది. సమరీయుడు గాయాలకు కట్టు కట్టి, ఆ మనిషిని తన వాహనం మీద ఎక్కించి, సత్రానికి చేర్చి, ఆ రాత్రి తానే చూసుకున్నాడు. మరునాడు రెండు దీనారములు తీసి సత్రం యజమాని చేతికిచ్చాడు. ఇతన్ని చూసుకో, ఎక్కువ ఖర్చయితే నేను తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. తన ప్రయాణం తాను సాగించాడు.

దీనారం అంటే ఆ రోజుల్లో ఒక కూలివాని ఒకరోజు కూలి. ద్రాక్షతోట పనివారి ఉపమానంలో యజమాని ఒప్పుకున్న కూలి అదే. కాబట్టి సమరీయుడు ఇచ్చింది రెండు రోజుల కూలి. దీనినుంచి మనం మూడు సంగతులు నేర్చుకోవచ్చు.

మొదటిది, సమరీయుడు ఆ పరిచర్య అంతా ఒంటరిగా చేయలేదు. మరొకరి సహాయం తీసుకున్నాడు. దానివల్ల అతని దయ తక్కువైందని ఎవరూ అనరు. రెండవది, సహాయం చేసిన మనిషికి డబ్బిచ్చాడు. "పుణ్యకార్యమే కదా, ఊరికే చెయ్యి" అనలేదు. మూడవది, డబ్బిచ్చి చేతులు దులుపుకోలేదు. తిరిగి వస్తానన్నాడు. లెక్క చూస్తానన్నాడు.

సమరీయుడు వెళ్లిపోయాక గాయపడిన మనిషికి నీళ్లు తాగించింది ఎవరు? కట్లు మార్చింది ఎవరు? రాత్రి మూలిగితే లేచి చూసింది ఎవరు? సత్రం యజమాని. అతనికి కథలో పేరు లేదు, మాట లేదు. మన ఇళ్లలో, ఆస్పత్రుల్లో పరిచర్య చేస్తున్న ఎందరికో అతడే ప్రతినిధి.

2. ఇంటివారి అనుభవం

మన కొండపల్లి చుట్టుపక్కల కుటుంబాలను తలచుకోండి. కొందరు ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో షిఫ్టు డ్యూటీలు చేస్తారు. కొందరు పారిశ్రామికవాడలో రోజు కూలికి వెళతారు. కొందరు బొమ్మల పని చేసుకుంటారు. చాలామంది ఇళ్ల పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. ఇలాంటి ఇంట్లో పెద్దవారు మంచం పడితే ఆ భారం ఎవరి మీద పడుతుంది? కుటుంబం అంతా కూర్చుని నిర్ణయించుకున్న సందర్భాలు తక్కువ. ఎవరు దగ్గర ఉంటే వారి మీద, ఎవరు కాదనలేకపోతే వారి మీద పడుతుంది. సాధారణంగా ఆమె భార్య, లేదా కోడలు, లేదా పెళ్లికాని కుమార్తె.

ఆమె అనుభవంలో మొదట అలిసేది శరీరం. బరువైన మనిషిని లేపి కూర్చోబెట్టి నడుము పట్టేస్తుంది. నిద్ర ముక్కలు ముక్కలుగా తెగిపోతుంది. తన బీపీ మందు తాను వేసుకోవడం మరచిపోతుంది. తరువాత మనసు. చుట్టాల ఇళ్లకు వెళ్లడం ఆగిపోతుంది. పెళ్లిళ్లు, పండుగలు, గుణదల తిరునాళ్లు అన్నీ ఎవరో వచ్చి చెబితే వినవలసిందే. "ఎన్నాళ్లిలా?" అన్న ప్రశ్న లోపల పుడుతుంది. ఆ వెంటనే "అయ్యో, ఆమె చావును కోరుకుంటున్నానా?" అన్న భయం పుడుతుంది. ఆ భయాన్ని ఎవరితోనూ చెప్పుకోలేదు.

మతిమరుపు జబ్బు ఉన్న ఇంట్లో ఈ బాధ మరీ ఎక్కువ. డాక్టర్లు డిమెన్షియా అనే ఈ జబ్బు మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి, అంటే నూటికి ఏడుగురికి పైగా, ఉన్నట్టు 2023లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. అడిగిందే పదిసార్లు అడుగుతారు. అన్నం తిని పది నిమిషాలు కాకముందే "నాకు అన్నం పెట్టలేదు" అని పక్కింటివారితో చెబుతారు. రాత్రివేళ తలుపు తీసుకుని వెళ్లిపోతారు. కన్నకూతురిని "నువ్వెవరు?" అని అడుగుతారు. ఇన్నేళ్లు చేసిన పరిచర్యకు ఆ ఒక్క ప్రశ్న ఎంత కోత పెడుతుందో అనుభవించినవారికే తెలుస్తుంది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. అలసట పాపం కాదు. విసుగు రావడం ప్రేమ లేదనడానికి గుర్తు కాదు. ప్రేమించడమంటే ఎదుటివారి మేలును కోరడమని పునీత తోమాస్ అక్వినాసు వారు బోధించారు. అంటే ప్రేమ ముఖ్యంగా సంకల్పానికి చెందినది. మనసులోని వేడి, చల్లదనం రోజూ మారుతూ ఉంటాయి. రాత్రి నాలుగోసారి పిలిచినప్పుడు పళ్లు కొరుక్కుంటూనే లేచి వెళ్లిన ఆ కోడలు ప్రేమించలేదని ఎవరు అనగలరు? లేచి వెళ్లింది కదా!

అయితే విసుగు వేరు, ఆ విసుగు చేతుల్లోకి, నోట్లోకి రావడం వేరు. గట్టిగా తిట్టడం, మంచానికి కట్టివేయడం, తరచుగా తడుపుతున్నారని నీళ్లు తగ్గించి ఇవ్వడం, గదిలో వేసి గొళ్లెం పెట్టడం కొన్ని ఇళ్లలో జరుగుతున్నాయి. వీటిని సమర్థించలేము. ముసలివారు నోరు విప్పి చెప్పుకోలేరు కాబట్టి ఇది మరింత తీవ్రమైన విషయం. కాని ఆ స్థితికి చేరిన మనిషి చెడ్డవారని తీర్పు చెప్పి ఊరుకుంటే పని జరగదు. చాలా సందర్భాల్లో ఆ మనిషి ఎన్నో నెలలుగా ఒంటరిగా మోస్తున్నారు. వారిని మందలించడానికి ముందు వారి చేతిలో బరువు కొంత అందుకోవాలి.

ఈ విషయంలో 1980లో అమెరికాలో స్టీవెన్ జారిట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు చేసిన పరిశీలన ఒకటుంది. మతిమరుపు జబ్బున్న పెద్దవారిని ఇంట్లో చూసుకుంటున్న 29 మందిని వారు ప్రశ్నించారు. రోగి ఎంత ఎక్కువ ఇబ్బంది పెడితే చూసుకునేవారికి అంత ఎక్కువ భారం అనిపిస్తుందని మనం అనుకుంటాం. కాని వారికి తేలింది అది కాదు. బంధువులు ఎంత తరచుగా వచ్చి చూసి వెళుతున్నారన్నదే భారం ఎక్కువ తక్కువలను నిర్ణయిస్తున్నట్టు కనిపించింది. పరిశీలన చిన్నదే గాని పాఠం పెద్దది. వ్యాధిని తగ్గించడం మన చేతిలో లేకపోవచ్చు. వెళ్లి పలకరించడం మన చేతిలో ఉంది.

దూరాన ఉన్న కొడుకులు, కూతుళ్లు ఈ మాట ప్రత్యేకంగా వినాలి. నెలకోసారి డబ్బు పంపి, ఆదివారం ఫోనులో "అమ్మకు ఆ మందు ఎందుకు వేయలేదు? ఆ డాక్టరుకెందుకు చూపించలేదు?" అని నిలదీయడం తేలిక. మన సమరీయుడు సత్రం యజమానిని నిలదీయలేదు. నమ్మాడు, ఖర్చు భరించాడు, తిరిగి వస్తానన్నాడు. ఏడాదికి పదిహేను రోజులైనా మీరు వచ్చి, మీ వదినగారినో చెల్లెలినో ఆ ఇంటినుంచి బయటకు పంపి, ఆ రాత్రులు మీరు మేల్కొని చూడండి. అప్పుడు మీ సలహాలకు విలువ వస్తుంది.

3. జీతానికి వచ్చేవారి అనుభవం

రెండవ మనిషి దగ్గరకు వద్దాం. "డబ్బు తీసుకుని చేసేది సేవ ఎలా అవుతుంది?" అని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు మన పొరుగునే, గుంటూరులో ఉంది.

1920 ఫిబ్రవరి 12న గుంటూరుకు ఒక ఆస్ట్రేలియా దేశపు వైద్యురాలు వచ్చారు. ఆమె పేరు డాక్టర్ మేరీ గ్లోరీ. 1887లో పుట్టారు. మెల్బోర్నులో పేరున్న డాక్టరు. ప్రసూతి, స్త్రీల వ్యాధులు, నేత్ర వైద్యాలలో ఉన్నత పట్టం పొందినవారు. అదంతా విడిచి వచ్చి జె.ఎం.జె. కన్యస్త్రీల సభలో చేరి, సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అయ్యారు. ఆ రోజుల్లో సభల్లోని కన్యస్త్రీలు వైద్యవృత్తి చేయడానికి తిరుసభ చట్టం ఒప్పుకునేది కాదు. ఆమె జగద్గురువుల ప్రత్యేక అనుమతితో వైద్యం చేశారు. ఒక చిన్న వైద్యశాలతో మొదలైన పని గుంటూరులోని సెయింట్ జోసఫ్ ఆస్పత్రిగా పెరిగింది. ఆమె చేసిన మరొక ముఖ్యమైన పని మన స్థానిక స్త్రీలను మంత్రసానులుగా, నర్సులుగా, మందులు కలిపేవారుగా తయారుచేయడం. 1943లో మన దేశంలోని కతోలిక ఆస్పత్రులన్నిటినీ కలిపే సంఘాన్ని స్థాపించారు. చివరికి ఆమే క్యాన్సరుతో మంచం పట్టి, ఇతరుల చేతి పరిచర్య అందుకుని, 1957లో బెంగుళూరులో కన్నుమూశారు. 2013లో తిరుసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

ఆమె జీవితంనుంచి ఇక్కడ మనం గ్రహించవలసింది ఒక్కటే. జాలి ఒక్కటే చాలదని, చేతికి పని రావాలని ఆమెకు తెలుసు. కాన్పు కష్టమైన తల్లికి కావలసింది పక్కన కూర్చుని కన్నీరు కార్చేవారు మాత్రమే కాదు, ఏమి చేయాలో తెలిసినవారు. వృత్తి నేర్చుకోవడం, దానిని శ్రద్ధగా చేయడం, దానికి తగిన జీతం పుచ్చుకుని పిల్లలను పోషించుకోవడం, వీటిలో ఏదీ దయకు విరోధం కాదు. జీతం ఆమె కాలానికి ఇస్తాం. ఆ కాలంలో ఆమె చూపే ఓర్పుకు వెలకట్టే తూనిక లేదు.

మరి ఈనాటి నర్సుల, ఆయాల పరిస్థితి ఏమిటి? మన విచారణల్లోనుంచి ఎందరో ఆడపిల్లలు నర్సింగు చదివి విజయవాడ నర్సింగు హోముల్లో పనిచేస్తున్నారు. వరుస నైట్ డ్యూటీలు, ఒక్కరికే లెక్కకు మించిన పడకలు, రోగి బంధువుల కోపం, మందు ఆలస్యమైతే మాట పడటం, ఇవి వారి దినచర్య. ప్రైవేటు ఆస్పత్రుల నర్సుల జీతాల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016 జనవరిలో కోర్టు ఇచ్చిన ఆదేశం మీద కేంద్ర ప్రభుత్వం వేసిన కమిటీ, 50 పడకలకన్నా తక్కువ ఉన్న ఆస్పత్రిలో సైతం నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. సిఫారసు చేయడం ఒకటి, అది జీతం రోజున చేతికి అందడం మరొకటి. మన విచారణలో ఆస్పత్రులు నడిపేవారుంటే ఈ వాక్యం దగ్గర కొంచెం ఆగి ఆలోచించాలి.

ఇళ్లకు వచ్చే ఆయాల స్థితి ఇంకా కష్టం. ఏజెన్సీ ద్వారా వచ్చి ఇరవైనాలుగు గంటలూ ఆ ఇంట్లోనే ఉండాలి. ఏజెన్సీవారి కమీషను పోగా ఆమెకు దక్కేది తక్కువ. వారానికి ఒక సెలవు ఉండదు. తన పిల్లలను తన తల్లి దగ్గర వదిలి వచ్చి, మన తల్లిని చూసుకుంటుంది. ఆమె నడుముకూ నొప్పి వస్తుంది. తాను నెలల తరబడి చూసుకున్న పెద్దాయన చనిపోతే ఆమెకూ దుఃఖం వస్తుంది. కాని దినకర్మల్లో ఆమెకు కుర్చీ ఉండదు. ఆ రోజే సంచి సర్దుకుని మరో ఇంటికి పోవాలి.

ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు. కొన్ని ఇళ్లలో ఆ ఆయా చేతులు మన తల్లి ఒళ్లంతా కడగవచ్చు, తుడవవచ్చు, నోట్లో ముద్ద పెట్టవచ్చు. కాని అవే చేతులకు మంచినీళ్ల గ్లాసు వేరు, కంచం వేరు, పడుకోవడానికి వరండాలో చాప. ఎందుకని అడిగితే జవాబు చెప్పరు, ఆమె కులం ఏమిటో మాత్రం తెలుసుకుని ఉంటారు. ఒకే పీఠం ముందు నిలబడి దివ్యసత్ప్రసాదం అందుకునే మనకు ఇది తగదు. ఏ ఇంట్లో వేరే గ్లాసు ఉందో ఆ ఇంటివారు ఈ పాఠం చదివిన రోజే దానిని తీసివేయాలి.

వృత్తివారికీ ఒక మాట. రోజూ అదే పని చేస్తూ ఉంటే మనిషి కనిపించడం మానేసి, "మూడో నంబరు పడక," "ఆ బెడ్‌సోర్ కేసు" కనిపించడం మొదలవుతుంది. గాబ్రియేల్ మార్సెల్ అనే ఫ్రెంచి కతోలిక తత్త్వవేత్త మొదటి ప్రపంచ యుద్ధకాలంలో రెడ్‌క్రాసులో పనిచేశారు. తప్పిపోయిన సైనికుల వివరాలు వెతికి వారి కుటుంబాలకు తెలియజేయడం ఆయన పని. ఆయన చేతిలో ఉన్నవి కార్డులు, పేర్లు, నంబర్లు. కాని ఆ తల్లులు, భార్యలు వచ్చి ఎదురుగా కూర్చున్నప్పుడు ప్రతి కార్డు వెనుక ఒక మనిషి ఉన్నాడని ఆయనకు అర్థమైంది. ఎదుటివారికి మనసుతో అందుబాటులో ఉండటాన్ని గురించి ఆయన తరువాతి కాలంలో రాసిన తత్త్వమంతటికీ ఆ అనుభవం ఒక మూలం. రోగుల, నర్సుల పాలక పునీతుడైన కమిల్లసు వారు (1550-1614) స్వయంగా కాలిపుండుతో జీవితమంతా బాధపడినవారు. తన సభవారికి ఆయన పెట్టిన కొలత, ఒక్కగానొక్క బిడ్డ జబ్బుపడితే తల్లి ఎలా చూస్తుందో అలా చూడాలన్నది. ఆ కొలత రోజూ అందదు. రోగిని పేరు పెట్టి పిలవడం, బట్ట మార్చే ముందు తెర వేయడం, "ఇప్పుడు పక్కకు తిప్పుతాను తాతగారూ" అని చెప్పి తిప్పడం మాత్రం రోజూ అందేవే.

4. ఇద్దరి మధ్య అనుమానం

ఈ ఇద్దరూ ఒకే మంచం దగ్గర పనిచేస్తారు గాని, చాలా ఇళ్లలో ఒకరినొకరు నమ్మరు. "నేను లేనప్పుడు సరిగా చూస్తుందో లేదో" అని ఇంటివారి అనుమానం. "కన్నతల్లిని నాకు వదిలేసి టీవీ చూస్తున్నారు" అని ఆయా మనసులో తీర్పు. ఇద్దరివీ సగం నిజాలు. ఇంటామె పది గంటలు చేసి ఇప్పుడే కూర్చున్నదని ఆయాకు తెలియదు. ఆయాకు ముందు రోజు రాత్రి జ్వరం ఉన్నదని ఇంటామెకు తెలియదు.

మన ఊరి బొమ్మను చూడండి. తెల్లపొణికి కర్రను ఎండబెట్టేవారు ఒకరు, చెక్కేవారు ఒకరు, రంగు వేసేవారు ఒకరు. తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. మక్కు సరిగా పట్టకపోతే చెక్కడం ఎంత బాగున్నా చేయి ఊడిపోతుంది. ఇంటివారి ప్రేమ, వృత్తివారి నేర్పు కూడా అలా విడివిడిగా ఉన్న భాగాలే. వాటిని అతికించే మక్కు, ఒకరితో ఒకరు చెప్పుకునే మాట.

అందుకు పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. మంచం దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టండి. ఏ మందు ఎన్నింటికి వేశారు, ఎంత తిన్నారు, విరేచనం అయిందా, చర్మం ఎక్కడైనా ఎర్రబడిందా అన్నవి ఇద్దరూ అందులో రాయాలి. వచ్చిన మొదటి రోజునే ఆయాకు ఆ పెద్దావిడ ఎవరో చెప్పండి. "మా అమ్మ నలభై ఏళ్లు బొమ్మలకు రంగులు వేసింది, కాఫీలో చక్కెర ఎక్కువ కావాలి, జపమాల దిండు కింద ఉండకపోతే నిద్రపోదు" అని చెబితే, ఆమె చూసుకునేది ఒక జబ్బును కాదు, ఒక మనిషిని అవుతుంది. జీతం తేదీ తప్పకండి. వారానికి ఒక పూట సెలవు ముందే మాట్లాడుకోండి.

5. ముసలివారిని ఆశ్రమంలో చేర్చడం తప్పా?

ఈ ప్రశ్న మన ఇళ్లలో చాలామందిని కాల్చుతోంది. దీనికి ఒక్కమాటలో జవాబు లేదు. భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లే ఇంట్లో, మతిమరుపుతో వీధుల్లోకి వెళ్లిపోయే తండ్రిని తాళం వేసి ఉంచడంకన్నా మంచి ఆశ్రమంలో ఉంచడమే ఆయనకు క్షేమం కావచ్చు. ఆస్తి రాయించుకుని, అడ్డు తొలగించుకోవడానికి చేర్చడం ద్రోహం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, చేర్చిన తరువాత. సమరీయుడు కూడా ఆ మనిషిని సత్రంలోనే వదిలి వెళ్లాడు కదా! కాని తిరిగి వస్తానన్నాడు. మీరు తిరిగి వెళుతున్నారా? ఎంత తరచుగా వెళుతున్నారు? వెళ్లి ఎంతసేపు కూర్చుంటున్నారు? మీ మనస్సాక్షిని ఈ ప్రశ్నలతో పరీక్షించుకోండి.

తల్లిదండ్రుల పోషణ కేవలం నీతి కాదు, చట్టం కూడా. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం, నిరాదరణకు గురైనవారు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకుని పోషణ ఖర్చు పొందవచ్చు.

6. ఆచరణకు కొన్ని మార్గాలు

(అ) కుటుంబంలో: అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒకసారి కూర్చుని పనుల జాబితా రాయండి. ఆస్పత్రికి తీసుకెళ్లడం, మందులు తేవడం, స్నానం, రాత్రి మేల్కోవడం, డబ్బు, ఒక్కొక్కదాని ఎదుట ఒక పేరు రాయండి. అన్నిటి ఎదుటా ఒకే పేరు వస్తే ఆ ఇంట్లో న్యాయం జరగడం లేదు. మగపిల్లలు కూడా తండ్రికి స్నానం చేయించడం నేర్చుకోవాలి.

(ఆ) చేతిపని నేర్చుకోండి: కదలలేని రోగిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పితే పుండ్లు పడకుండా చాలావరకు కాపాడవచ్చు. పడుకోబెట్టి తినిపించకూడదు. కూర్చోబెట్టి లేదా తలవైపు ఎత్తి తినిపించి, తరువాత అరగంటైనా అలాగే ఉంచాలి. లేకపోతే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మనిషిని లేపేటప్పుడు నడుము వంచకుండా మోకాళ్లు వంచి లేపాలి. మన విచారణలోని నర్సులు ఒక ఆదివారం సాయంత్రం ఈ పాఠాలు నేర్పితే ఎన్నో ఇళ్లకు మేలు.

(ఇ) అందుతున్న సహాయం తెలుసుకోండి: పక్షవాతం వంటి జబ్బులతో మంచానికి గాని, చక్రాల కుర్చీకి గాని పరిమితమైనవారికి పింఛనును 2024 జూలైలో మన రాష్ట్ర ప్రభుత్వం నెలకు 15,000 రూపాయలకు పెంచింది; డయాలసిస్ చేయించుకునే మూత్రపిండాల రోగులకు కూడా పింఛను ఉంది. మన ఎన్టీఆర్ జిల్లాలోని ఎ. కొండూరు మండలం తండాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో మీకు తెలుసు. వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు డయాలసిస్. రోగితో వెళ్లినవారికి ఆ రోజు కూలి పోయినట్టే. అర్హత ఉండి పింఛను రానివారికి కాగితాలు రాసిపెట్టడం చదువుకున్న యువకులు చేయగల మంచి పని. వృద్ధుల సమస్యలకు 14567, మనసు కుంగిపోయినప్పుడు మాట్లాడటానికి 14416 నంబర్లకు ఉచితంగా ఫోను చేయవచ్చు. రెండవ నంబరు పరిచర్య చేసేవారికి కూడా.

(ఈ) విచారణలో: కేరళలోని కోళికోడులో 1993లో కొందరు డాక్టర్లు నొప్పి నివారణ, ఉపశమన వైద్యం కోసం ఒక సంఘాన్ని ప్రారంభించారు. అది క్రమంగా ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగుల ఇళ్లకు వెళ్లే ఉద్యమంగా పెరిగింది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దానిని తన విధానంగా స్వీకరించింది. మనం అంత పెద్దది చేయలేకపోవచ్చు. మరియ సేనవారు, విన్సెంట్ డి పాల్ సంఘంవారు, యువజనులు కలిసి ఒక పట్టిక వేసుకోవచ్చు. మంచం పట్టినవారున్న ప్రతి ఇంటికి వారానికి రెండు గంటలు ఒకరు వెళ్లి కూర్చోవాలి. ఆ రెండు గంటలు ఇంటామె నిద్రపోతుందో, గుడికి వస్తుందో, బజారుకు వెళుతుందో ఆమె ఇష్టం.

వ్యాధిగ్రస్తుల ప్రపంచ దినాన్ని రెండవ జాన్ పాల్ పోపుగారు 1992లో స్థాపించారు. 1993నుంచి ప్రతి ఫిబ్రవరి 11న, మనం గుణదలమాత ఉత్సవం జరుపుకునే రోజునే, అది జరుగుతోంది. ఆ రోజున కొండ ఎక్కలేని రోగుల కోసం మనం ప్రార్థిస్తాం. వారిని వదిలి రాలేక ఇంట్లోనే ఉండిపోయినవారి పేర్లు, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుల పేర్లు కూడా ఆ ప్రార్థనలో చేర్చండి.

కుటుంబంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన ఇంట్లో, మన బంధువుల్లో రోగికి పరిచర్య చేస్తున్నవారు ఎవరు? వారు చివరిసారి ఒక రాత్రి పూర్తిగా నిద్రపోయింది ఎప్పుడు?

2. మన ఇంటికి పనికి వచ్చే ఆయా పూర్తి పేరు, ఆమె పిల్లల పేర్లు మనకు తెలుసా? ఆమె ఏ గ్లాసులో నీళ్లు తాగుతుంది?

3. నేను ఎవరికైనా "తిరిగి వస్తాను" అని చెప్పి వెళ్లకుండా ఉండిపోయానా? ఈ నెలలో ఏ రోజున వెళ్లగలను?

మూడవ ప్రశ్నకు తేదీ రాసి, గోడమీది క్యాలెండరులో ఆ రోజు చుట్టూ గీత గీయండి. మీరు వస్తున్నారని అక్కడి మనిషికి ఈ సాయంత్రమే కబురు పంపండి.